భీమక్క చెయ్యి లేచిన రోజు

భీమక్కతో మాట్లాడాలంటే ఆమెకు కుడిపక్కన కూర్చోవాలి. ఎడమ చెవి పోయి రెండేళ్లు దాటింది. వెదురు కర్రతో ఆ చెవి మీద కొట్టినవాడు సొంత మరిది జంపయ్య. ఆ మరిది భుజం ఎముకను ఇనుప కడ్డీతో విరగ్గొట్టింది భీమక్క. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. ఈరోజుకీ అతనింట్లో కోడిని కోస్తే ఆమెకు గిన్నెడు కూర వస్తుంది. ఆమె ఇంట్లో కల్లు ఉంటే అతనికి ముంత వెళుతుంది. ఆ రోజు ఆమె చేతి దెబ్బలు తిన్నవాళ్లు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కరైనా కేసు పెట్టరేమని పోలీసులు రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లారు. పెట్టరు. ఎందుకు పెట్టరో తెలియాలంటే ఆ కడ్డీ సంగతి మొదటినుంచీ తెలియాలి.

రాళ్లవాగు గుంపు అడవి అంచున మిట్ట మీద ఉంటుంది. అరవై గడపల గూడెం, అందరూ కోయవాళ్లే. వెనక గుట్ట, ముందు వాగు. వాగు మీద చప్టా, అంటే నీళ్లు తక్కువున్నప్పుడు బండ్లు దాటడానికి వాగులోనే పోసిన సిమెంటు దారి. దాటితే తారురోడ్డు. వాగు అక్కడినుంచి రెండు మైళ్లు పోయి గోదావరిలో కలుస్తుంది. ఇళ్లకు తూర్పున, చెట్ల పైనుంచి ఫ్యాక్టరీ గొట్టాలు కనపడతాయి.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది చూడ్డానికి మామూలు నీళ్లే. బరువు నీళ్లంటారు. దేశంలో ఎన్నో అణు విద్యుత్తు కేంద్రాలు ఆ నీళ్లు లేనిదే నడవవు. ఆ నీళ్లను తీయడానికి ఒక విషపు గ్యాసు వాడతారు. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే కంపు కూడా తెలియదు, ముక్కు ముందు చస్తుంది, మనిషి తర్వాత చస్తాడు. అన్నిటికన్నా పొడుగాటి గొట్టం చివర ఎప్పుడూ చిన్న మంట ఒకటి ఆడుతూ ఉంటుంది. గుంపులోవాళ్లు దాన్ని దీపం అంటారు.

గ్యాసు బయటపడితే ఏం చేయాలో నేర్పడానికి ఫ్యాక్టరీవాళ్లు ఏటా జనవరిలో, పత్తి ఏరడం అయిపోయాక వచ్చేవారు. సేఫ్టీ ఆఫీసరు జయప్రకాశ్ మైకు పట్టుకుని చెప్పేవాడు. సైరన్ తుంపులు తుంపులుగా మోగితే గ్యాసు వచ్చినట్టు, చప్టా దాటి రోడ్డెక్కాలి, అక్కడ బస్సులుంటాయి. ఆగకుండా ఒకే తీరుగా మోగితే ముప్పు లేనట్టు, ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. చెప్పడం అయ్యాక సైరన్ తుంపులుగా మోగేది. గుంపంతా నవ్వుకుంటూ, తోసుకుంటూ చప్టా దాటేది. అవతల ఉప్మా పొట్లాలు పంచేవారు. అందరూ తింటుండగా పొడుగు సైరన్ మోగేది. అంటే ఆ పొడుగు కూత గుంపులో ఉండి విన్నవాడు ఒక్కడూ లేడు. అది విన్నప్పుడల్లా జనం వాగు అవతలే ఉన్నారు, చేతిలో ఉప్మాతో. ఇలా ఎనిమిదేళ్లు జరిగింది.

చప్టా వైపు బాణం గుర్తు వేసిన బోర్డు కూడా పాతారు. ఆ బాణం గీసిన మహానుభావుడు వాగును జనవరిలో చూశాడు. జనవరిలో ఆ వాగులో మేకపిల్ల మోకాళ్లు కూడా తడవవు. గ్యాసు ప్రమాదం వానాకాలం రాకూడదని అతనితో ఎవరు ఒప్పుకున్నారో తెలియదు.

కరెంటు పోతే మోగడానికి గుంపు మధ్యలో స్తంభానికి చేతి సైరన్ బిగించారు. పక్కనే మరో స్తంభం మీద గాలి ఎటు వీస్తోందో చూపించే ఎర్రచారల సంచి. సైరన్ తిప్పే ఇనుప కడ్డీ ఊడదీయడానికి వీలుగా ఉంటుంది. అక్కడే వదిలేస్తే పిల్లలు పొద్దస్తమానం తిప్పుతారని, కడ్డీని భీమక్కకు అప్పజెప్పి, ఒక నారింజ రంగు జాకెట్ ఇచ్చారు. ఆమె కడ్డీని చూరులో కొడవలి పక్కన దోపుకుంది. ఆనాటినుంచి గుంపులో ఆమె పేరు కూతల భీమక్క.

ఆమెకే ఎందుకిచ్చారంటే, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి వచ్చినది గుంపులో ఆమె ఒక్కతే. పదకొండేళ్లు అక్కడ కాలువలు ఊడ్చింది. అంతకుముందు బతుకు చెప్పాలంటే, పుట్టింది ములకలపల్లి అవతలి అడవిలో, పదహారేళ్లకు ఈ గుంపుకు కోడలై వచ్చింది. మొగుడు తాగి కొట్టేవాడు. తాగనిరోజు కూడా కొట్టేవాడు కాబట్టి సారా ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. ముల్లుగర్రతో, పొయ్యిలో కట్టెతో, చేతికి ఏది అందితే దానితో కొట్టేవాడు. రెండు పళ్లు రాలగొట్టాడు. ఎడమ చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. ఒకసారి కడుపులో తంతే ఐదో నెల బిడ్డ పోయింది. అడ్డం వచ్చినందుకు తమ్ముడు జంపయ్య తల కూడా పగిలింది. జంపయ్య అప్పుడింకా మీసాలు రాని పిల్లాడు. అయినా ప్రతిసారీ అడ్డం వచ్చేవాడు. ఆ ఒక్క సంగతి భీమక్క ఎన్నడూ మరిచిపోలేదు.

కూతురు వనజకు మూడేళ్లున్నప్పుడు కామెర్లొచ్చి మొగుడు పోయాడు. దినాలు అయిపోయిన పొద్దున భీమక్క పిల్లను పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని ఒట్టేసింది.

"నా చెయ్యి నీ మీద లేవదు బిడ్డా. ఇగ ఈ ఇంట్ల దెబ్బ సప్పుడు ఇనపడదు."

నిలబెట్టుకుంది కూడా. వనజ బడి ఎగ్గొట్టి ఇప్పపూల కోసం అడవిలో తిరిగినా, తల్లికి మాటమాత్రం చెప్పకుండా ప్రభాకర్‌ను చేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడినా, భీమక్క తిట్టిందే తప్ప చెయ్యెత్తలేదు. తిట్లు మాత్రం గుట్ట అవతలికి వినపడేవి. వనజ నడుం మీద చేతులు పెట్టుకుని, "నువ్వు నన్ను కొట్టవ్ గదనే" అని పళ్లికిలించేది. ఇక ఏముంది, తల్లి కూడా నవ్వేసేది.

ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా కడుక్కుంటూ భీమక్క జయప్రకాశ్‌ను అడిగింది.

"సారూ, గా దీపం ఎందుకు సారూ? ఎవలి కోసం?"

"అది దీపం కాదు భీమక్కా, మన కాపలాదారు. లోపల ఏ తేడా వచ్చినా ఉన్న గ్యాసంతా ఆ గొట్టంలోకి తోసి తగలబెట్టేస్తాం. మంట పెద్దగా లేచిందంటే మేం లోపల ఖాళీ చేస్తున్నామన్నమాట. అది మండినంతసేపూ భయం లేదు. మహా అయితే గొంతు మండి దగ్గొస్తుంది. అది ఆరిపోయి గ్యాసు బయటికొస్తేనే పరుగెత్తాలి."

"మరి గీ ముచ్చట మా గుంపుల చెప్పరేంది?"

"అన్నీ ఒకేసారి చెబితే తికమక పడతారమ్మా" అన్నాడు. మంచివాడే. పండక్కి చీర పెట్టినవాడే. కానీ ఆ మాట అన్నది అతనే.

భీమక్క ఊరుకోలేదు, గుంపుకొచ్చి చెప్పింది. జంపయ్యా మిగతావాళ్లూ విన్నారు, తలలూపారు, చేలల్లోకి పోయారు. అడవిలో పుట్టినవాడి ఒంట్లో నిప్పు గురించి వేరే చదువు ఉంటుంది. ఎండాకాలం తునికాకు కోతలప్పుడు అడవి అంటుకుంటే మనిషి చేయాల్సింది ఒక్కటే, వాగులోకి దిగాలి. ఇసుక అంటుకోదు, మంట వాగు దాటదు. నడక రాని పిల్లను చంకనేసుకుని తల్లి మొదట చూపించే దారి అదే. అటువంటి చదువును ఎవరో ఒక ఆడమనిషి ఒక సాయంత్రం చెప్పిన మాట చెరిపేస్తుందా!

ఆ ఏడు జూలైలో ఆరు రోజులు ఎడతెగని ముసురు. గోదావరి భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక దాటి ఇంకా పైకొస్తోందని చివరిసారి ఫోన్లు పనిచేసినప్పుడు విన్నారు. తర్వాత కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. గుంపు మాత్రం భయపడలేదు. తాతల కాలంనుంచి ఆ మిట్ట మునిగింది లేదు. అయితే వాగు ఎత్తు చూసినవాళ్లు లేరు. నది పొంగినప్పుడు వాగు నీళ్లకు పోయే చోటుండదు. పైగా గోదావరే వాగులోకి ఎదురెక్కి వస్తుంది. చప్పుడు లేకుండా వస్తుంది.

అక్కడ ఫ్యాక్టరీలో, నదినుంచి నీళ్లు తోడే పంపుల గదిలోకి వరద వచ్చింది. అన్నీ ఆపేయాలని లోపల నిర్ణయించారు. ఆపడం అంటే ఉన్న గ్యాసును తగలబెట్టడమే. అది సరైన పనే. ఆ రోజు ఫ్యాక్టరీ లోపల జరిగినవన్నీ సరైన పనులే. తప్పంతా గోడ బయట ఉంది.

సాయంత్రం నాలుగింటికి దీపం లేచింది. తాటిచెట్టు ఎత్తు మంట. దానితోపాటు ఒక బుస, ఆగకుండా. ముసురు పట్టిన ఆకాశం ఎర్రబడింది, తడిసిన ఇళ్లకప్పులు ఎర్రబడ్డాయి.

"ఫ్యాక్టరీ అంటుకున్నదిరో!" జంపయ్య వీధిలో నిలబడి అరిచాడు. "వాగుకు పోండ్రి! పిల్లల్ని పట్టుకోండ్రి! జల్దీ!"

భీమక్క గుమ్మంలోంచి ముందు గాలి సంచిని చూసింది. గాలి పడమటినుంచి వీస్తోంది. గుంపు మీదుగా ఫ్యాక్టరీ వైపు పోతోంది. అంటే గ్యాసు బయటపడినా ఇటు రాదు. మంట మండుతూనే ఉంది కాబట్టి బయటపడలేదు కూడా. ఆమెకు అన్నీ తెలుసు. "ఏం గాదు! గది మంచి మంట! ఆగుండ్రి!" అని అరిచింది. వాన చప్పుడులో, మంట బుసలో ఆ గొంతు పక్కింటి గడప కూడా దాటలేదు. అప్పటికి వీధిలోకి వచ్చింది సగం మందే. మిగతావాళ్లు తలుపులేసుకుని ఇళ్లలోనే ఉన్నారు.

అప్పుడు ఆమెకు నేర్పిన పాఠం గుర్తొచ్చింది. ఆపకుండా ఒకే కూత, అంటే ముప్పు లేదు, ఎక్కడివాళ్లు అక్కడ. చూరులోంచి కడ్డీ లాగి, వానలో పరుగెత్తి, సైరన్‌కు తగిలించి రెండు చేతులతో తిప్పింది. చేతి సైరన్‌ను ఒకే తీరున మోగించడం ఆడుకోవడం కాదు. భుజాలు ఊడిపోతాయి. కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, తుంపు పడకుండా తిప్పింది. చెప్పినట్టే, ఒక్క తప్పు లేకుండా తిప్పింది.

కళ్లు తెరిచేసరికి గుంపులో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇళ్లలో కూర్చున్నవాళ్లు కూడా బయటపడి చప్టా దారి పట్టారు. ముసలివాళ్లు, బాలింతలు, మంచం పట్టిన మనిషిని మోసుకుంటూ కొడుకులు. ఒక పిల్ల సత్తు పళ్లెం పట్టుకుని పరుగెడుతోంది. ఉప్మాకు. తాను ఆపాలనుకున్నవాళ్లను తానే వాగులోకి తోలుతోందని భీమక్కకు అప్పుడు అర్థమైంది.

కడ్డీ ఊడదీసుకుంది. రోడ్డు వంపు తిరిగి వెళుతుంది, మేకల దారి నిటారుగా దిగుతుంది. ఆమె మేకల దారిన పడుతూ లేస్తూ జారింది. చప్టా కనపడలేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి, మానులు కొట్టుకొస్తున్నాయి. అల్లుడు ప్రభాకర్ అందరికన్నా ముందు బైకు మీద దిగినట్టున్నాడు. బైకు లేదు. చప్టా అంచున పాతిన రాతిని కావలించుకుని, నడుం దాకా నీళ్లలో వేలాడుతున్నాడు.

రోడ్డు చప్టాలోకి దిగే చోట రెండు పక్కలా మట్టికట్ట. మధ్యలో బండి పట్టేంత సందు. భీమక్క ఆ సందులో నిలబడి కడ్డీ ఎత్తింది.

మొదటి దెబ్బ ఎవరికి తగిలిందో ఆమె చూడలేదు. మోకాలి కింద తగిలింది, మనిషి బురదలో కూలబడ్డాడు. రెండోది ఒక మోచేతికి. ముందున్నవాళ్లకు నీళ్లు కనపడ్డాయి, ఆగబోయారు. వెనకవాళ్లకు మంటే కనపడుతోంది, తోశారు. మనుషులు మనుషుల మీద పడ్డారు. భీమక్క కోయలో తిట్టింది, తెలుగులో తిట్టింది, పేరు పెట్టి పిలిచి మరీ కొట్టింది. చీలమండ మీద, ముంజేతి మీద, వీపు మీద. తనకు మందు నూరిపోసిన ముసలమ్మను గుండెల మీద కాలు పెట్టి వెనక్కి తన్నింది. మంచం మోస్తున్న కొడుకు వేళ్ల మీద కొట్టింది, మంచం దభేలుమని కిందపడింది. ముడి వీడి ఆమె జుట్టు మొహం మీద పడింది. ఎవరో రాయి విసిరితే కనుబొమ చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే ఒక కంటితోనే చూసి కొట్టింది. ఏళ్ల తరబడి మొగుడి చేతిలో తిన్న దెబ్బలన్నీ ఆ చేతికి గుర్తున్నాయి కాబోలు. ఎక్కడ కొడితే మనిషి లేవలేడో దానికి బాగా తెలుసు.

జంపయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో వెదురు కర్ర.

"పిచ్చి లేసిందా వదినా! అందరు కాలిపోతరే! జరుగు!"

"వాగు గాదురా ఇది, గోదారి! అడుగు పెడితే సస్తవ్! ఎనకకు పో, గుట్టెక్కు!"

"జరుగుతవా లేదా?"

"జరగ!"

కర్ర ఆమె ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో పగిలిన చప్పుడు, ఆ తర్వాత ఆ పక్క లోకమే లేదు. మోకాళ్ల మీద పడింది. పడినచోటునుంచే కడ్డీని కిందినుంచి పైకి తిప్పి కొట్టింది. జంపయ్య భుజం ఎముక పుటుక్కుమంది. ఎండుకొమ్మ విరిగినట్టు అందరికీ వినపడింది. కర్ర జారిపోయింది. గుంపులో అందరికన్నా బలమైనవాడు, తనకోసం చిన్నప్పుడు తల పగలగొట్టించుకున్నవాడు, ఆమె కాళ్ల దగ్గర బురదలో ముడుచుకుపోయాడు. అది చూసి జనం ఆగారు. మొదటిసారి అందరూ తలెత్తి, ఆమె వెనకున్న నీళ్లను చూశారు.

అప్పుడు వనజ వచ్చింది. చంకలో మూడేళ్ల కూతురు శారద. వనజ మంటను చూడడం లేదు, తల్లిని చూడడం లేదు. నీళ్ల మధ్య రాతిని పట్టుకున్న ప్రభాకర్‌ను చూస్తోంది.

"అవ్వా, పిల్లను పట్టుకో."

"పోవద్దు బిడ్డా."

"ఆయిన చెయ్యి జారుతాంది. చీర ఇసిరితే అందుకుంటడు. పట్టుకో!"

పిల్లను తల్లి చేతుల్లోకి తోసేసింది. భీమక్క ఎడమ చేత్తో పిల్లను పట్టుకుంది. కుడి చేతిలో కడ్డీ ఉంది. ఎత్తింది. వనజ మోకాలు చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క దెబ్బ చాలు. ఎముక విరిగితే అతుక్కుంటుంది. భీమక్కకు అది తెలుసు, వంకర వేలు సాక్షి. ఆమెకు తెలియనిదేమీ లేదు.

వనజ ఆ కడ్డీని చూసింది. నవ్వినట్టే అంది, "నువ్వు నన్ను కొట్టవ్ గదనే."

పక్కనుంచి తప్పుకుని, చీరకొంగు విప్పుకుంటూ నీళ్లలోకి దిగింది. కడ్డీ గాలిలోనే ఉండిపోయింది.

నాలుగు అడుగులు వేసింది. ఐదో అడుగుకు కింద సిమెంటు లేదు, అప్పటికే కొట్టుకుపోయింది. తల ఒకసారి పైకొచ్చింది. చేయి ఒకసారి పైకొచ్చింది. ఆ తర్వాత ఒక పెద్ద మాను అడ్డంగా వచ్చి చప్టా రాళ్లన్నింటినీ ఊడ్చుకుపోయింది. భీమక్క అరుస్తోందని చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసింది. తాను అరుస్తున్నట్టు ఆమెకు తెలియలేదు.

జనం గుట్ట వైపు తిరిగారు. దెబ్బలు తిన్నవాళ్లను తినని వాళ్లు ఎత్తుకున్నారు. జంపయ్య వెళ్లలేదు. విరిగిన భుజం వేలాడుతుంటే, రెండో చేత్తో భీమక్క చీర అంచు పట్టుకుని నీళ్లలోకి పోకుండా లాగాడు. చాలాసేపు లాగుతూనే ఉన్నాడు.

ఆరింటికి మంట తగ్గి మళ్లీ దీపమంత అయింది. గ్యాసు బయటికి రాలేదు. గుంపులో ఒక్కరూ దగ్గలేదు. ప్రభాకర్ కిందికి కొట్టుకుపోయి ఒక మద్దిచెట్టు కొమ్మల్లో చిక్కుకుంటే మర్నాడు పడవలవాళ్లు దించారు. వనజ నాలుగో రోజున దొరికింది, నీళ్లు తీసిన పత్తిచేలో. చీరకొంగు ఒక చేతికి చుట్టుకునే ఉంది. పైకి పోయిన రిపోర్టులో ఫ్యాక్టరీ వల్ల ప్రాణనష్టం లేదని రాశారు. వరదలో ఒక మహిళ మృతి అని ఇంకో కాగితంలో రాశారు. రెండూ అబద్ధాలు కావు. అందుకే చదివితే ఒళ్లు మండుతుంది.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం జంపయ్య భుజానికి కట్టుతో వచ్చి భీమక్క పక్కన కూర్చున్నాడు. ఎడమపక్కన కూర్చున్నాడు, వినపడలేదు. లేచి కుడిపక్కకు వచ్చాడు.

"నా తప్పు వదినా. మొదలు అరిసింది నేనే."

"కూత పెట్టింది నేను." ఆమె అతని కట్టు మీద చెయ్యి పెట్టింది. "నిన్ను కొట్టిన. గుంపునంత కొట్టిన. పసులను కొట్టినట్టు కొట్టిన. దాన్ని కొట్టలే, జంపయ్యా. నా బిడ్డ అని కొట్టలే."

జంపయ్య ఏడ్చాడు. ఏడవడానికి భుజం కదిలితే నొప్పెట్టి ఇంకా ఏడ్చాడు. భీమక్క కన్ను తడవలేదు.

ఆ తర్వాత జనవరిలో ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ వచ్చారు. జయప్రకాశ్ మైకు తీసుకోకముందే భీమక్క కడ్డీని తెచ్చి అతని ముందు నేల మీద పడేసింది.

"ఇప్పుడెందుకొచ్చినవ్ సారూ? వానల్ల రా. వాగు నిండినంక రా. మంట లేపి సూపెట్టి, గప్పుడు నేర్పు."

అతను తల దించుకున్నాడు. కడ్డీ వంగి ఉంది, అతను దాన్నే చూశాడు. చప్టా బోర్డు ఆ రోజే పీకించాడు. బాణం ఇప్పుడు గుట్ట వైపు చూపిస్తుంది. మంట గురించి, కూతల గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఉప్మా మానేశారు.

మొన్న ఆగస్టులో, వాగు రెండు గట్ల నిండా పారుతున్నప్పుడు, మొదటిసారి వానలో డ్రిల్ పెట్టారు. గొట్టం మీద మంటను కావాలనే పెద్దది చేశారు. భీమక్క కొత్త కడ్డీతో సైరన్ తిప్పింది. గుంపు గుట్ట వైపు కదిలింది. జంపయ్య ఎత్తుకు సరిగా లేవని చేత్తోనే ముసలివాళ్లకు దారి చూపిస్తున్నాడు. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని జయప్రకాశ్ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు.

శారద మాత్రం కదలలేదు. ఐదేళ్లది, వాగు చప్పుడు వింటోంది. మేకల దారి దగ్గర నిలబడి, తెలిసిన మొండితనంతో నడుం మీద చేతులు పెట్టుకుని, వాగువైపు రెండడుగులు వేసింది.

"శారదా, గుట్టెక్కు."

"నీళ్లు సూసొస్త అమ్మమ్మా."

"గుట్టెక్కు అంటున్న."

పిల్ల వెనక్కి తిరిగి పళ్లికిలించింది. ఆ పళ్లు వనజవే. ఇంకో అడుగు వేసింది.

భీమక్క సైరన్ వదిలేసి వచ్చి కొట్టింది. చెంప మీద, అరచెయ్యి విప్పి, గట్టిగా. పిల్ల పక్కకు తూలి బురదలో పడింది. వెళ్తున్నవాళ్లంతా ఆగిపోయారు. జయప్రకాశ్ చేతిలో పెన్ను ఆగింది. "అయ్యో, డ్రిల్లే కదా భీమక్కా!" అన్నాడు. ఆమెకు వినపడిందో లేదో, అతను ఎడమపక్కన ఉన్నాడు.

శారద లేచింది. ఆ ఇంట్లో పుట్టి మొదటి దెబ్బ తిన్నది. చెంప పట్టుకుని, నమ్మలేనట్టు అమ్మమ్మను చూసింది. తర్వాత గొల్లుమని ఏడ్చి, వెనక్కి తిరిగి గుట్ట దారిన పరుగు తీసింది.

భీమక్క అక్కడే నిలబడింది. వాన గట్టిపడి చెట్ల మధ్య పిల్ల కనపడడం మానేసింది. ఏడుపు మాత్రం వినపడుతోంది, పైకి, ఇంకా పైకి పోతోంది. భీమక్క వినపడే చెవిని గుట్ట వైపు తిప్పుకుని, ఆ ఏడుపు పైదాకా చేరేంతవరకూ వింది. అప్పుడు కూర్చుని ఏడ్చింది.